పొయ్యి ఎదుటి కిటికీకి బట్ట కట్టకండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయవాడ. పోయిన నెలలోనే కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించాం. రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు, 900 చదరపు అడుగులు కూడా ఉండదు. వాస్తు ప్రకారం పొయ్యి తూర్పు ముఖంగా పెట్టుకున్నాం. సరిగ్గా దాని ఎదుటే కిటికీ, ఆరడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల వంటిల్లు. పొద్దున్నే నైటీలో ఉన్నా, చెమటలు కారుతూ ఉన్నా వాళ్లకి కనబడుతూనే ఉంటాను. వంట చేసినంతసేపూ టెన్షనే. హాలు కిటికీ పడమర వైపు, మధ్యాహ్నం రెండు దాటితే సోఫాలో కూర్చోలేం. షాపతను వచ్చి కొలతలు తీసుకుని, ఆరు కిటికీలకీ ఒకే రంగు రోలర్ బ్లైండ్లు, అంటే పైకి చుట్టుకునే తెరలు, వేస్తే ఇల్లు పెద్దగా కనబడుతుందన్నాడు. మావారు గ్లాసులకి ఫిల్మ్ అంటించేద్దాం అంటున్నారు. అత్తయ్య తన పాత నేత చీరలు బయటికి తీసి, వీటితో పరదాలు కుట్టించుకోండి అంటున్నారు. ఇంటి లోన్ కట్టాక చేతిలో పెద్దగా మిగలదు. మాకు మూడేళ్ల బాబు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, కొత్తింట్లో అడుగుపెట్టినందుకు సంతోషం. షాపతనికి ఇంకా అడ్వాన్సు ఇచ్చి ఉండకపోతే ఒక్క వారం ఆగండి. మీ ఇంట్లో ముగ్గురు మూడు మాటలు చెప్పారు. బ్లైండ్లు, ఫిల్మ్, చీరలు మూడూ మీకు పనికొస్తాయి. కానీ వాటిలో ఏ ఒక్కటీ ఆరు కిటికీలకీ పనికిరాదు. వంటింటి కిటికీకి ఉన్న బాధ ఎదురింటి చూపు, హాలు కిటికీకి ఉన్న బాధ ఎండ. బెడ్‌రూము కిటికీది ఇంకోటి అయి ఉంటుంది. బాధలు వేరైనప్పుడు మందు ఒకటే ఎలా అవుతుంది?

అందుకని ఈ ఆదివారం ఒక పని చేయండి. పొద్దున ఏడింటికి, పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి ఒక్కో కిటికీ దగ్గర నిలబడి చూడండి. ఎండ ఎంత లోపలికి వస్తోంది, గాలి ఏ వైపు నుంచి వస్తోంది, ఎవరికి ఏం కనబడుతోంది అన్నది కాగితం మీద రాసుకోండి. రాత్రి ఎనిమిదింటికి లైట్లన్నీ వేసి, మీవారిని లోపల తిరగమని చెప్పి, మీరు కిందకి దిగి రోడ్డు మీది నుంచి చూడండి. పగలు మనకి అడ్డుగా అనిపించే పల్చటి పరదా రాత్రి లైటు వేయగానే ఉన్నా లేనట్టే. ఇది తెలియక చాలామంది డబ్బు పెట్టి పల్చటి తెల్ల పరదాలు కొనుక్కుంటారు.

ముందు వంటిల్లు. ఇక్కడ మాత్రం గట్టిగా చెబుతాను. పొయ్యి ఎదుటి కిటికీకి బట్ట కట్టకండి. నిండు పరదా వద్దు, కింది సగానికి కట్టే పొట్టి పరదా వద్దు, గుడ్డతో చేసిన రోలర్ బ్లైండ్ కూడా వద్దు.

చాలా ఏళ్ల కిందట మా అద్దె ఇంట్లో పొయ్యి పక్క కిటికీకి ముచ్చటపడి పూల పరదా కట్టాను. పొట్టి పరదాయే, మంటకి మూరెడు దూరంలో ఉండేది. ఒక సాయంత్రం వాన ముందు గాలి లేచింది. నేను పప్పులోకి తాలింపు వేస్తున్నాను. పరదా అంచు ఒక్కసారి లేచి మంట మీదకి వచ్చింది. చేతిలో గరిటె కింద పెట్టేలోపే రాడ్డు దాకా అంటుకుంది. అది పాలిస్టర్ బట్ట. కాలుతూ కరిగి బొట్లు బొట్లుగా గట్టు మీద పడింది. ఒక బొట్టు నా ముంజేతి మీద పడి అతుక్కుపోయింది. పొయ్యి ఆర్పి, బిందెలో నీళ్లు పోసి ఆపగలిగాను గానీ ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నూలు బట్ట అలా కరగదు, కానీ మంట చకచకా పాకుతుంది. అందుకే ఆ చోట ఏ బట్ట మంచిదని నన్ను అడగకండి. ఏదీ మంచిది కాదు.

ఇంకో కారణం గాలి. మన పోపులకీ వేపుళ్లకీ వంటింటి కిటికీ తెరిచి ఉండాల్సిందే. పరదా జిడ్డు పడుతుందనో, ఎగురుతుందనో కిటికీ మూసుకుని వండడం మొదలుపెడితే పొగంతా మీరే పీల్చాలి. అలాగని పొయ్యికి సూటిగా గాలి కొడితే మంట ఆరిపోయి గ్యాస్ వదులుతూ ఉంటుంది. మనం వాడే ఎల్‌పీజీ గాలి కంటే బరువైంది. లీకైతే పైకి పోదు, నేలకి దిగి అక్కడే పేరుకుంటుంది. ఎప్పుడైనా వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906 కి ఫోన్ చేయండి. అలాంటి సమయంలో వంటింటి కిటికీ ఒక్క తోపుతో తెరుచుకోవాలి. దానికి అడ్డంగా పరదా, గొలుసు, కింద పేర్చిన డబ్బాలు ఉండకూడదు.

మరి ఎదురింటి చూపు? అక్కడ మీవారి మాట కొంత సరైందే. గ్లాసునే మసక చేసుకోవాలి. అయితే ఫిల్మ్ అంటే ప్లాస్టిక్. మీ పొయ్యి ఎదుట కాబట్టి, సొంతిల్లే కాబట్టి, ఆ ఒక్క పలకకి గ్లాసు మార్పించండి. గ్లాసు షాపులో గ్రౌండ్ గ్లాస్ అనీ, ఫ్రాస్టెడ్ అనీ అడగండి. బాత్‌రూములకి వేసే పిన్‌హెడ్ గ్లాసైనా పర్లేదు. కొలత ఇస్తే కోసి ఇస్తారు, కిటికీ వేసినతను వచ్చి బిగిస్తాడు. ఒక జాగ్రత్త చెప్పండి అతనికి. నున్నటి వైపు లోపలికి, గరుకు వైపు బయటికి ఉండాలి. గరుకు వైపు లోపలికి పెడితే తాలింపు జిడ్డు దానిలోకి దిగుతుంది, తుడిచినా వదలదు. పైగా గ్రౌండ్ గ్లాసు మీద నూనె పడిన చోట మసక పోయి లోపలంతా కనబడుతుంది.

మీది కొత్త ఫ్లాట్ కాబట్టి పక్కకి జరిపే కిటికీలే అయి ఉంటాయి, రెండు గ్లాసు పలకలు, ఒక దోమల జాలీ. ఇలాంటి కిటికీ ఎప్పుడు తెరిచినా సగమే తెరుచుకుంటుంది. గాలి కోసం తెరిచిన సగంలో మసక గ్లాసు ఉండదు, జాలీ మాత్రమే ఉంటుంది. ఫిల్మ్ అంటించుకున్నా మళ్లీ కనబడుతున్నామని చాలామంది బాధపడేది ఇందుకే. కాబట్టి పొయ్యికి ఎదురుగా ఉన్న సగాన్ని మసక గ్లాసుతో మూసే ఉంచండి. రెండో సగం తెరవండి. గాలి మంట మీదకి సూటిగా రాదు, పొగ బయటికి పోతుంది, మీరు నిలబడే చోటు ఎదురింటికి కనబడదు.

తెరిచి ఉంచే వైపు కిటికీ గట్టు మీద రెండు మూడు కుండీలు పెట్టుకోండి. తూర్పు ఎండ పొద్దుటి పూట తగులుతుంది కాబట్టి పుదీనా బాగా వస్తుంది, మనీ ప్లాంట్ అయితే గ్రిల్లుకి అల్లుకుంటుంది. గుబురుగా పెరిగాక అది పరదా పని చేస్తుంది, గాలికి అడ్డం రాదు. కుండీలు గ్రిల్లుకి లోపలి వైపే ఉండాలి, కింద మనుషులు నడుస్తారు.

ఇక వంటింట్లో లైటు సంగతి. ట్యూబ్‌లైటు మీ వెనక గోడకి ఉంటే రాత్రిపూట మీ నీడ గ్లాసు మీద పడి, మసక గ్లాసైనా మీ ఆకారం బయటికి తెలుస్తుంది. గట్టు పైన అలమరా కింద ఒక ఎల్‌ఈడీ పట్టీ వేయించి, వండేటప్పుడు అదే వేసుకోండి. వెలుతురు మీ ముందు నుంచి పడితే నీడ వెనక్కి పోతుంది, కూరలో ఉప్పూ కారం కూడా కనబడతాయి.

అద్దంలా మెరిసే ఫిల్మ్ ఒకటి అమ్ముతారు, లోపలి నుంచి బయటికి కనబడుతుంది, బయటి నుంచి లోపలికి కనబడదని. పగలు నిజమే. వెలుతురు ఎటు ఎక్కువ ఉంటే అటు నుంచి అది అద్దంలా ఉంటుంది. చీకటి పడి మీరు లైటు వేయగానే తిరగబడి, మీకు మీ మొహమే కనబడుతుంది, వాళ్లకి మీ వంటిల్లు కనబడుతుంది. అది తీసుకోకండి. బాత్‌రూము వెంటిలేటర్‌కి మాత్రం నీళ్లతో అంటుకునే మామూలు మసక ఫిల్మ్ చాలు. గ్లాసు సబ్బునీళ్లతో కడిగి, తడి మీదే పరిచి, పాత ఏటీఎం కార్డుతో నీటి బుడగలు బయటికి నెడితే గంటలో పని అయిపోతుంది.

ఒక మాట అనాలనిపిస్తోంది. ఆరడుగుల అవతల ఎదురు వంటింట్లో ఉన్న ఆవిడ కూడా పొద్దున్నే నైటీలోనే ఉంటుంది, ఆవిడకీ ఇదే ఇబ్బంది ఉంటుంది. ఒకసారి పలకరించి, మేం ఇలా గ్లాసు మార్పిస్తున్నాం అని చెప్పండి. పరిచయమైతే ఆ టెన్షన్ సగం పోతుంది.

ఇప్పుడు హాలు. మీ దగ్గర ఉన్న డబ్బులో ఎక్కువ భాగం పెట్టాల్సింది ఈ ఒక్క కిటికీ మీదే. విజయవాడలో మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కిటికీ పైనున్న సజ్జా చాలు, ఎండ లోపలికి రాదు. కానీ రెండు దాటాక సూర్యుడు పడమరకి వాలతాడు, ఎండ ఏటవాలుగా సజ్జా కిందనుంచి దూరి నేరుగా మీ సోఫా మీదకి వస్తుంది. అందుకే దక్షిణపు కిటికీకి పనికొచ్చే సజ్జా పడమటి కిటికీని కాపాడలేదు.

ఎండని గ్లాసు బయటే ఆపితే వచ్చే చల్లదనం, లోపల ఎంత మందం పరదా వేసినా రాదు. గ్లాసు దాటి వచ్చిన ఎండ పరదాని వేడెక్కిస్తుంది, ఆ వేడి ఇక గదిలోనే ఉండిపోతుంది. మన పెద్దవాళ్లు వసారాలకి బయటి వైపు తడికలు కట్టింది ఈ లెక్కతోనే. మీరు కూడా వెదురు పుల్లలతో అల్లి, చుట్టి పైకి కట్టే తెర ఒకటి కిటికీ బయట, సజ్జా కింద వేలాడదీయండి. పుల్లల సందుల్లోంచి గాలి వస్తుంది, ఎండ చాలావరకు ఆగుతుంది. కింది కొసలు రెండూ గ్రిల్లుకి గట్టిగా కట్టించండి, లేకపోతే ఈదురుగాలికి కొట్టుకుని విరిగిపోతుంది. అపార్ట్‌మెంట్ కాబట్టి అసోసియేషన్‌ని ముందే అడగండి. వట్టివేళ్ల తడికలు వేయమని ఎవరైనా అంటారు. తడిపితే వాసన ఎంతో హాయిగా ఉంటుంది, కానీ నీరు ఆవిరైతేనే చల్లదనం వస్తుంది. తెలంగాణ లోపలి జిల్లాల పొడి ఎండలో అది బాగా పనిచేస్తుంది. మీ దగ్గర ఉక్కపోత రోజుల్లో నీరు ఆవిరి కాదు, గదిలో తేమ మాత్రం పెరుగుతుంది.

బయట కట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోకపోతే లోపల రెండు పొరల పరదా వేయండి. ముందు వైపు మీకు నచ్చిన రంగు, గ్లాసు వైపు తెల్ల లైనింగ్. తెలుపు ఎండలో కొంత భాగాన్ని వచ్చిన దారినే గ్లాసులోంచి బయటికి పంపేస్తుంది. వెనక తెలుపు లేని ముదురు రంగు బ్లాక్‌ఔట్ గుడ్డ చీకటి చేస్తుంది గానీ తానే పెనంలా కాగి కూర్చుంటుంది. ఎండ వచ్చాక కాదు, ఒంటిగంటన్నరకే పరదా లాగేయండి. పొద్దు కుంకాక మొత్తం తీసి కిటికీ తెరవండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఈ కిటికీ పని ఆ లోపే అయిపోవాలి.

షాపతను చెప్పిన ఇల్లు పెద్దగా కనబడడం గురించి. దానికి బ్లైండ్లే అక్కర్లేదు. రాడ్డుని కిటికీ చట్రానికి ఆరంగుళాలు పైన, రెండు వైపులా మరో ఆరేడు అంగుళాలు ఎక్కువగా బిగించి, గోడ రంగుకి దగ్గరి రంగు పరదా వేస్తే చాలు. తీసినప్పుడు పరదా గోడ మీదకి వెళ్లిపోతుంది, గ్లాసంతా వెలుతురే. బట్ట వెడల్పు కిటికీ వెడల్పుకి రెట్టింపు ఉండాలి. అది తగ్గిస్తే పరదా వేలాడదీసిన దుప్పటిలా ఉంటుంది. రెడీమేడ్‌గా దొరికేవి సాధారణంగా ఐదు, ఏడు, తొమ్మిది అడుగుల పొడవుల్లో వస్తాయి. మీ కిటికీ వాటికి సరిపోకపోతే వన్‌టౌన్ వస్త్రలతలో బట్ట కొని కుట్టించుకోవడం మేలు.

బెడ్‌రూముల్లో వీధిలైటు పడితే జంట రాడ్డు వేసి, ఒకటి పల్చటిది, ఒకటి మందంది వేలాడదీయండి. అంతకు మించి చెప్పేదేం లేదు.

కానీ బాబు గురించి చెప్పాలి. రోలర్ బ్లైండ్లకి పక్కన పూసల గొలుసు వేలాడుతుంది, అడ్డ పట్టీలతో ఉండే వెనీషియన్ బ్లైండ్లకి తాళ్లు. మూడేళ్ల పిల్లాడు మంచం ఎక్కి ఆడుతూ ఆ ఉచ్చులో తల పెడితే మెడకి బిగుసుకుంటుంది. కేక కూడా బయటికి రాదు, నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇలా ఎన్నో ఏళ్లుగా పిల్లలు చనిపోతుంటేనే అమెరికాలో 2018 డిసెంబర్ నుంచి షాపుల్లో రెడీగా అమ్మే బ్లైండ్లకి చేతికందే తాళ్లు లేకుండా ప్రమాణం మార్చారు. యూరప్‌లో గొలుసు కింది కొస నేలకి కనీసం 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలంటారు. మన షాపుల్లో ఇప్పటికీ గొలుసు రకమే ఎక్కువ. మీకు ఏ గదికైనా బ్లైండే కావాలనిపిస్తే తాడు లేనిది, కింది పట్టీ పట్టుకుని లాగితే దిగేది అడగండి. ఇప్పటికే ఎక్కడైనా గొలుసు ఉంటే గోడకి బాబుకి అందనంత ఎత్తులో కొక్కెం కొట్టించి దానికి చుట్టేయండి. బాబు మంచం, దివాన్, కుర్చీ ఏదీ కిటికీ కింద ఉంచకండి. ఈ పని మాత్రం వారం ఆగకుండా ఈ రోజే చేయండి.

చివరికి అత్తయ్య చీరలు. వాటిని కాదనకండి. పాత నేత చీరకున్న మెత్తదనం కొత్త బట్టకి రాదు, అది పట్టించుకోకుండా బ్లైండ్లు వేస్తే ఆవిడ మనసు నొచ్చుకుంటుంది కూడా. చీర ఐదున్నర మీటర్లు, పన్నా సుమారు 1.15 మీటర్లు. దాన్ని మూడు ముక్కలు చేస్తే మడతలు పోను ఒక్కొక్కటి ఐదడుగుల పరదా అవుతుంది. నాలుగడుగుల కిటికీకి రెండు ముక్కలు జోడీగా వేస్తే కుచ్చు సరిగ్గా వస్తుంది. కుట్టించే ముందు చీరని వెలుతురుకి పట్టి చూడండి. కుచ్చిళ్ల దగ్గర, అంచు వారన జీర్ణమైపోయిన చోటు ఉంటే అది వదిలి కోయమనండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే టైలర్‌కి ఇవ్వండి. తెల్ల లాంగ్‌క్లాత్ లైనింగ్‌ని కూడా అలాగే నానబెట్టండి. రెండిట్లో ఒకటి తర్వాత కుదించుకుంటే పరదా ముడుచుకుపోతుంది. కింద నాలుగంగుళాల మడత పెట్టించండి, ఆ బరువుకి చక్కగా జారుతుంది. చీర అంచు కింది వైపుకి రావాలంటే బట్ట అడ్డంగా తిప్పాల్సి వస్తుంది, అప్పుడు పొడవు చాలదు. అందుకని అంచుల్ని నిలువుగానే, కిటికీ రెండు పక్కలా ఉంచమనండి.

ఈ చీరలు పడమటి కిటికీకి వద్దు, రెండు వేసవుల్లో రంగు వెలిసి బట్ట చివికిపోతుంది. అత్తయ్య పడుకునే గదికి వేయండి. మూడో ముక్క మిగులుతుంది కదా, దాన్ని వంటింట్లోకే తీసుకోవచ్చు, కానీ కిటికీకి కాదు. పొయ్యికి దూరంగా, గట్టు కింద బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు పెట్టే తలుపు లేని అర ఉంటే దానికి తీగ మీద కట్టండి. పసుపు చేతులు తుడుచుకున్నా ఫర్వాలేదు, ఉతికి ఎండలో ఆరేస్తే ఆ మరక వెలిసిపోతుంది.